అప్‌డేట్: ఏబీఎస్ బండి మైలేజీ లెక్క తేలింది

ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రం లాక్ అవకుండా చూసే సిస్టమ్) వల్ల మైలేజీ తగ్గుతుందా అని నా యమహా ఎఫ్‌జెడ్-ఎస్ బైక్ గురించి ఇంతకుముందు ఇక్కడ అడిగాను. మీరు చెప్పినట్టే ట్యాంక్ ఫుల్ చేయించి, నడిపి, మళ్లీ అదే బంకులో ఫుల్ చేయించి లెక్కేశాను. కూకట్‌పల్లి - హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో లీటరుకు 43 కిలోమీటర్లు. విజయవాడ హైవే మీద 60 స్పీడు దాటకుండా వెళ్తే 52. బండి అదే, ఏబీఎస్సూ అదే!

గట్టిగా బ్రేక్ వేసినప్పుడు ముందు చక్రం లాక్ అవబోతేనే ఏబీఎస్ పనిచేస్తుంది. దాని బరువు కూడా చాలా తక్కువ. పెట్రోలు తాగేది సిగ్నళ్లు, హాఫ్ క్లచ్ (క్లచ్ సగం నొక్కి నడపడం), గాలి తగ్గిన టైర్లు. మొన్న వానలో గేదె అడ్డొచ్చినా బండి జారకుండా ఆగింది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు మైలేజీ కోసం ఏబీఎస్ లేని బండి వెతకొద్దు, దయచేసి.