ఫర్నేస్‌లో పెట్టిన గాజు పాలలా తెల్లబడింది, ఎక్కడ పొరపాటు?

ప్రశ్న (అనంతపురం, ఎం.ఎస్సీ ఫిజిక్స్ విద్యార్థిని):
ప్రాజెక్టు కోసం టైటానియం డయాక్సైడ్ కలిపి లిథియం అల్యూమినో సిలికేట్ గాజు పోశాను. డీటీఏలో (వేడి చేస్తూ గాజులో మార్పులు పట్టే పరీక్ష) టీజీ, అంటే గాజు మెత్తబడడం మొదలయ్యే వేడి, 680 డిగ్రీలు, స్ఫటికాలు ఏర్పడే పీక్ 850 దగ్గర వచ్చాయి. అందుకే నేరుగా 850కి తీసుకెళ్లి గంట ఉంచాను. నాకు కావలసింది లోపల నానో స్ఫటికాలున్నా పారదర్శకంగా ఉండే గాజు. వచ్చింది పెరుగు బిళ్లలాంటి ముక్క, అంచున సన్నటి పగుళ్లు. ఇంకా ఆరు ముక్కలే ఉన్నాయి. టెన్షన్‌గా ఉంది.

జవాబు (కడప, గాజు మీద పీహెచ్‌డీ చేసినవాణ్ణి):
అమ్మా, విత్తనం పడకముందే పంట పెంచావు. మన శెనక్కాయ చేలో పలచగా పడినచోట ఒక్కో చెట్టు గంపంత గుబురవుతుంది, ఒత్తుగా పడినచోట అన్నీ చిన్నగానే ఉంటాయి కదా. స్ఫటిక బీజాలు టీజీకి కాస్త పైన ఎక్కువగా పుడతాయి, పెరగడం ఇంకా పైవేడిలో. నువ్వు కింద ఆగలేదు కాబట్టి కొద్ది బీజాలే పుట్టి, ఒక్కోటి లావెక్కింది. వెలుతురు తరంగం 400 నుంచి 700 నానోమీటర్లు. స్ఫటికం ఆ సైజుకు చేరితే వెలుగు చెదిరిపోతుంది, ఆ తెలుపు అదే. 50 నానోమీటర్ల దగ్గర ఆగితే గాజు తేటగా ఉంటుంది.

నాలుగు ముక్కలను 730లో 1, 2, 4, 8 గంటలు ఉంచు. తర్వాత నాలుగింటినీ నిమిషానికి 3 డిగ్రీల చొప్పున 820కి తీసుకెళ్లి గంట ఆపు. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రేలతో స్ఫటికాలను చూసే పరీక్ష) పీక్ వెడల్పు చూస్తే స్ఫటికం సైజు తెలుస్తుంది. రెండు ముక్కలు దాచుకో. ఆ తెల్లదాన్ని పారేయకు. 1953లో అమెరికా గాజు కంపెనీ కార్నింగ్‌లో స్టూకీ అనే శాస్త్రవేత్త 600 పెట్టాలనుకున్న ఫర్నేస్ 900కి పోయింది. తెల్లబడిన ఆ పలక చేజారి కిందపడినా పగల్లేదు. గ్లాస్ సెరామిక్స్ (లోపల స్ఫటికాలు పెంచిన గాజు) కథ అక్కడే మొదలైంది.

జవాబు (కర్నూలు, డెంటల్ ల్యాబ్):
మేము పళ్ల క్యాపులు చేసే లిథియం సిలికేట్ బ్లాకులు ఊదా నీలంగా వస్తాయి. అప్పుడు కోయడం తేలిక. చెక్కాక 840 దాటిన వేడిలో పెడితే స్ఫటికాలు మారి పన్ను రంగు, గట్టిదనం వస్తాయి. ఒకసారి మా థర్మోకపుల్ (వేడి కొలిచే సాధనం) తప్పు చూపించి మొత్తం ట్రే పోయింది. ముందు మీ ఫర్నేస్ వేడిని ఇంకో థర్మోకపుల్‌తో సరిచూడండి మేడం.

ప్రశ్న అడిగిన అమ్మాయి:
చూశానన్నా. మా ఫర్నేస్ లోపల 25 డిగ్రీలు ఎక్కువే ఉంది! అది సరిచేసి నాలుగూ పెట్టాను. 4 గంటల ముక్క కింద పేపర్ పెడితే అక్షరాలు చక్కగా కనిపిస్తున్నాయి. నల్లగుడ్డ మీద లేత నీలం, బల్బుకు ఎదురుగా పట్టుకుంటే తేనె రంగు. 8 గంటలదీ తేటగానే ఉంది. సోమవారం ఎక్స్‌ఆర్‌డీ.