‘తెలుఁగొకండ’లో కలకండ ఉందా?

పద్యపిపాసి: కృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో ఒక పద్యం రెండో పాదం ఇది: ‘తెలుఁగు వల్లభుండఁ దెలుఁగొకండ’. సభల్లో దీన్ని ‘తెలుగు ఒక కలకండ’ అనేస్తుంటారు. ఆ ‘ఒ’ ఎలా వచ్చిందో మింగుడుపడట్లేదు.

యతిభంగం: ‘ఒక కండ’ అయితే ‘తెలుఁగొకకండ’ అనాలి. ఆటవెలది రెండో పాదంలో ఐదూ సూర్యగణాలే (మూడు లఘువుల నగణం, లేదా గురువు, లఘువుల హగణం), అక్కడ ‘క’ ఒకటి ఎక్కువైపోతుంది. తెలుఁగు + ఒకండ (ఒకణ్ణి). ‘వల్లభుండ’ లాగే ఇదీ ‘నేను’ అని చెప్పే ఉత్తమపురుష. గణం విరిచి చదివితే తెలుఁగొ | కండ అని పడుతుంది, చెవికి కలకండ తగిలేది అందుకే.

తాళపత్రం: ‘తెలుఁగు కండ’ అన్నా నగణం, హగణం కుదురుతాయి కదండీ. ఛందస్సు ఎటూ తేల్చదు. పైగా మీ ‘ఒకండ’తో ‘నేను’ రెండుసార్లు చెప్పినట్టు అవుతుంది.

యతిభంగం: పునరుక్తి అయితే అయింది. వల్లభుణ్ణని చెప్పుకుంటున్న దేవుడు మధ్యలో పటికబెల్లం ఎందుకు పంచుతాడు?

అరసున్న: దేవుడని మీకు గుర్తుంది, సంతోషం. ఫ్లెక్సీల మీద మాత్రం ఆ మాట రాయలది. కళింగ దండయాత్రలో బెజవాడ దాటి, కృష్ణాతీరపు శ్రీకాకుళంలో (ఉత్తరాంధ్రది కాదు) ఏకాదశి ఉపవాసమున్న రాత్రి, నాలుగో జామున రాయల కలలో అక్కడి దేవుడు ఆంధ్రవిష్ణువు అన్న మాటలివి. రాయలు తెలుగువాడనడానికి ఈ పద్యాన్నే సాక్ష్యం తెస్తారు! అదే ఘట్టంలో స్వామి ‘నేను తెలుంగురాయఁడన్ గన్నడరాయ’ అంటాడు. వల్లభుడెవరో అక్కడే తేలిపోయింది.

తాళపత్రం: ‘కన్నడరాయ’ అంటే కర్ణాట రాజ్యాధిపతి. దాన్నిబట్టి ఆయన ఇంట్లో ఏ భాష మాట్లాడేవాడో కూడా చెప్పలేం.

నిఘంటుపురుగు: ఈ పద్యం చివరనుండే ‘దేశభాషలందుఁ దెలుఁగు లెస్స’ అసలు ఆముక్తమాల్యదలో పుట్టిన పాదం కాదు. దాదాపు శతాబ్దం ముందే క్రీడాభిరామం అనే వీథి నాటకంలో ఉంది. రాయలు శ్రీనాథుడి పాదాన్ని అందుకున్నాడంతే.

అరసున్న: క్రీడాభిరామం కర్తగా చెప్పే వినుకొండ వల్లభరాయుడి పేరు చెప్పకుండా ఎంత చక్కగా దాటేశారు!

నిఘంటుపురుగు: మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధుల్లో తిరిగే ఆ పద్యాల నడక చూడండి. శ్రీనాథుడు తప్ప ఇంకెవరు?

అరసున్న: నడకనిబట్టే అయితే ఊరూపేరూ లేని ప్రతి చాటువూ ఆయనదే. మన జ్ఞాపకం పద్ధతే అంత. రాయలు 1529లో పోయాడు, భట్టుమూర్తి వసుచరిత్ర అంకితమేమో తర్వాతెప్పుడో ఏలిన తిరుమలరాయలకి. అయినా భట్టుమూర్తిని రాయల సభ భువనవిజయంలో కూర్చోబెట్టాం.

యతిభంగం: భట్టుమూర్తి మీదికి వెళ్ళేముందు, ఆ ‘తెలుఁగు కండ’ పాఠం ఏ ప్రతిలో ఉందో తాళపత్రం గారు చెప్పాలి.

తాళపత్రం: మీ ‘ఒకండ’ది ఏ ప్రతో ముందు చెప్పండి.