హ్యాండ్‌బ్రేక్ పైదాకా లాగినా బండి జారుతోంది, కేబుల్ మార్చాలా?

పాత కారు, వెనక డ్రమ్ బ్రేకులు. హ్యాండ్‌బ్రేక్ పది పన్నెండు క్లిక్కులు లాగితే గానీ పట్టట్లేదు, ఎత్తు మీద ఆపితే అప్పుడు కూడా మెల్లగా జారుతోంది. పోయిన వారం కేబుల్ నట్టు బిగించాను, రెండ్రోజులు బాగుంది, మళ్ళీ మొదటికొచ్చింది. పెడల్ కూడా ఈమధ్య లోతుకి పోతోంది. ఇంకా బిగించనా, కేబుల్ మార్చేయనా?

జవాబు: ఆ నట్టు జోలికి వెళ్ళకండి, బిగించింది కూడా వదులు చేసేయండి. చక్రంతో తిరిగే డ్రమ్ముకి లోపలినుంచి ఒరుసుకుని బండిని ఆపేవి షూలు, అవి అరిగిపోయి వాటికీ డ్రమ్ముకీ మధ్య సందు పెరిగితే ఆ సందుని మీరు కేబుల్‌తో పూడుస్తున్నారు, దాంతో లోపల షూకి ఉండే హ్యాండ్‌బ్రేక్ లివర్ పూర్తిగా వెనక్కి రాదు, అది రాకపోతే చాలా బళ్ళల్లో ఆటోమేటిక్ అడ్జస్టర్ (షూలు అరిగేకొద్దీ ఆ సందుని దానంతటదే తగ్గించేది) పనిచేయడం మానేస్తుంది. ఇంకేముంది, సందు పెరుగుతూనే ఉంటుంది.

విప్పే ముందు ఒకటి చూడండి. చదునుగా ఉన్న చోట హ్యాండ్‌బ్రేక్ వదిలి పెడల్ నొక్కండి, తర్వాత గట్టిగా లాగి ఉంచి మళ్ళీ నొక్కండి. రెండోసారి పెడల్ పైనే ఆగిపోతే వెనక షూలు దూరంగా ఉన్నట్టే.

ముందు చక్రాలకి రెండువైపులా అడ్డం పెట్టి, వెనక స్టాండ్ల మీద నిలబెట్టి (ఒట్టి జాకీని నమ్మొద్దు), హ్యాండ్‌బ్రేక్ దించి డ్రమ్ము తీయండి. రాకపోతే సుత్తితో బాదకండి, అరిగిన డ్రమ్ము అంచున గట్టు కట్టి షూలు దానికి తగులుతుంటాయి, బ్యాకింగ్ ప్లేట్ (డ్రమ్ము వెనక ఉండే రేకు) రంధ్రంలోంచి అడ్జస్టర్ వదులు చేస్తే వచ్చేస్తుంది. దుమ్ము ఊదొద్దు, షూల మీద అంటించి ఉండే పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవండి. డ్రమ్ము బయట ఉన్నంతసేపు పెడల్ మీద కాలు పెట్టకండి, ఆయిల్ ఒత్తిడితో షూలని నెట్టే వీల్ సిలిండర్ పిస్టన్లు బయటికొచ్చేస్తాయి. ఆ సిలిండర్ చివర రబ్బరు తొడుగుని కొంచెం ఎత్తి చూడండి, లోపల తడి ఉందా?

ప్రశ్న: ఎత్తగానే ఎడమవైపు బ్రేక్ ఆయిల్ కారింది! షూ తడిసి నల్లగా ఉంది. పెట్రోలుతో కడిగి ఎండబెడితే సరిపోతుందా? కుడివైపు పొడిగానే ఉంది, కానీ అడ్జస్టర్ తుప్పు పట్టి చేత్తో తిరగట్లేదు.

జవాబు: కడిగినా లాభం లేదు, లైనింగ్ పీల్చేసిన ఆయిల్ వేడెక్కగానే మళ్ళీ పైకొస్తుంది. సిలిండర్ కొత్తది వేయండి, షూలు మాత్రం రెండువైపులా కలిపి నాలుగూ మార్చండి, లేకపోతే బ్రేక్ వేసినప్పుడు ఒకవైపు లాగుతుంది. ఒక చక్రం పూర్తయ్యాకే రెండోది విప్పండి, స్ప్రింగులు ఎటు తగిలించాలో చూసుకోవడానికి రెండోది నమూనాగా ఉంటుంది. మరలతో తిరిగే రకం అడ్జస్టర్లయితే ఎడమా కుడీ మారకూడదు, మరలు ఎదురెదురు దిక్కుల్లో ఉంటాయి. నేనొకసారి మార్చి బిగించి, రోజురోజుకీ పెడల్ ఎందుకు దిగుతోందో తెలియక నెల తిరిగాను.

ఆ తుప్పు అడ్జస్టర్ విప్పి శుభ్రం చేసి, వేడికి కరిగిపోని గ్రీజు పలచగా రాయండి, లైనింగుకి అంటనివ్వకండి. బ్రేక్ ఆయిల్ పైపుల్లో చేరిన గాలి తీశాక, డ్రమ్ము తిప్పితే సన్నగా రాసుకునే శబ్దం వచ్చేదాకా అడ్జస్టర్ తిప్పి, పెడల్ పది పదిహేనుసార్లు నొక్కి మళ్ళీ చూడండి. కేబుల్ నట్టు సరిచేయడం అప్పుడు, అన్నిటికన్నా ఆఖర్న. మీ బండి మాన్యువల్‌లో ఎన్ని క్లిక్కులంటే అన్ని, సాధారణంగా 5 నుంచి 7. హ్యాండ్‌బ్రేక్ దించితే రెండు చక్రాలూ చేత్తో తేలిగ్గా తిరగాలి.

ప్రశ్న: అయిపోయింది, ఆరో క్లిక్కుకే పట్టేసింది. కేబుల్ నట్టు మాత్రం పోయిన వారం బిగించినదానికన్నా ఇప్పుడు చాలా వెనక్కి ఉంది.