కారు స్క్రీన్ మీద 'అంగీకరిస్తున్నాను' గోల ఆపడం ఎలా?

ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో కారు తీసుకున్నాం. స్టార్ట్ చేసిన ప్రతిసారీ స్క్రీన్ నిండా ఒక హెచ్చరిక: దృష్టి రోడ్డు మీదే ఉంచండి, మ్యాప్ తప్పు చూపిస్తే బాధ్యత మాది కాదు అని. 'ఓకే' నొక్కేదాకా పాట కూడా రాదు. సరే, దాంతో ఎలాగోలా సర్దుకుపోతాను.

అసలు టెన్షన్ రెండోదానితో. లొకేషన్, డ్రైవింగ్ వివరాలు కంపెనీకి పంపడానికి ఒప్పుకోమంటుంది. నీలం రంగులో పెద్ద 'అంగీకరిస్తున్నాను', పక్కన కనీకనిపించకుండా బూడిద రంగులో 'తర్వాత'. 'వద్దు' అనే బటనే లేదు! 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు ఉంది కదా, మరి కారులో ఆ ఆప్షన్ ఎక్కడుంటుంది? సర్వీస్ సెంటర్‌లో అడిగితే "ఓకే కొట్టేయండి సార్, అందరూ అదే చేస్తారు" అంటున్నారు.

ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే పాత ఓనర్ ఖాతా కూడా పోతుందా? కారుకు నెట్ కనెక్షన్ ఇచ్చే లోపలి సిమ్ ఆపించినవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ తర్వాత ఎమర్జెన్సీ కాల్ బటన్ పనిచేస్తోందో లేదో కాస్త చెప్పండి.