డిప్యూటీ స్పీకర్ పదవి ప్రతిపక్షానిదే అన్నది రూలా, అలవాటా?

లోక్‌సభ వ్యవహారాలు బాగా తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. 2024 జూన్‌లో స్పీకర్ పదవికి ఓం బిర్లా మీద ప్రతిపక్షం కె. సురేశ్‌ను నిలబెట్టింది. డిప్యూటీ స్పీకర్ మాకిస్తే మీ అభ్యర్థికి మద్దతిస్తాం అన్నది వాళ్ల బేరం. అది కుదరలేదు. తీరా 26న మూజువాణి ఓటుతోనే తేలిపోయింది. ప్రొటెం (తాత్కాలిక) స్పీకర్ ఫలితం ప్రకటించగానే మోదీ, రాహుల్ ఇద్దరూ బిర్లాను కుర్చీ దాకా తీసుకెళ్లారు! అంత టెన్షన్ పెట్టి చివర్లో డివిజన్ (ఓట్లు లెక్కపెట్టడం) కోసం ఎందుకు పట్టుబట్టలేదు? ఓడిపోతామని తెలిసీ నామినేషన్ వేసినవాళ్లకి లెక్క బయటపడితే కొత్తగా వచ్చే నష్టమేంటి? నాకైతే అర్థం కాలేదు.

ఇక అసలు డౌటు. రాజ్యాంగం 93వ అధికరణం స్పీకర్‌నీ, డిప్యూటీ స్పీకర్‌నీ వీలైనంత త్వరగా ఎన్నుకోవాలంటుంది కానీ గడువు పెట్టలేదు. 2004లో చరణ్‌జిత్ సింగ్ అత్వాల్, 2009లో కరియా ముండా, ఇద్దరూ ప్రతిపక్షం నుంచే వచ్చారు. 2019లో ఏర్పడిన 17వ లోక్‌సభలో మాత్రం ఆ కుర్చీ చివరిదాకా ఖాళీ. డిప్యూటీ స్పీకర్ ఎన్నిక తేదీ పెట్టాల్సింది స్పీకరే కదా, ఆయన పెట్టకపోతే సభ్యులకున్న దారేంటి? తీర్మానం తేవచ్చా? 2023లో దీని మీద సుప్రీంకోర్టు కేంద్రానికి నోటీసు ఇచ్చింది, ఆ కేసు ఎందాకా వచ్చిందో తెలిసినవాళ్లున్నారా? పార్టీల తిట్లు వద్దు, రూల్ నంబర్‌తో చెబితే మేలు.