సికిల్ సెల్ పరిశోధనకు సర్కారు సొమ్ము ఎందుకు?

హనుమకొండ వాసి:
వరంగల్‌లో కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది. కాకతీయ వైద్య కళాశాల 1959 నుంచి నడుస్తోంది. ములుగుకు గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. ఏజెన్సీ పిల్లల్లో కనిపించే, తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త జబ్బు సికిల్ సెల్ మీద ఇక్కడే ఒక పరిశోధన కేంద్రం పెట్టాలని, ప్రభుత్వమే ఏటా నిధులివ్వాలని వినతిపత్రం రాస్తున్నాం. మా బృందంలోనే కొందరు "ముందు డాక్టర్లను వేయించండి, పరిశోధన సంగతి తర్వాత" అంటున్నారు. మీరేమంటారు?

ఉట్నూరు మాస్టారు:
నేనూ అదే అంటాను. జాతీయ సికిల్ సెల్ మిషన్ 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలైంది. 7 కోట్ల మందికి పరీక్షలు, 2047 నాటికి నిర్మూలన అన్నారు. పరీక్షలు చేశారు, జబ్బు ఉందో లేదో తెలిపే కార్డులూ పిల్లల చేతికి ఇచ్చారు. కార్డు నొప్పిని తగ్గించదు కదా! కీళ్లు పట్టేసి అర్ధరాత్రి పాప ఏడుస్తుంటే, బండి మాట్లాడుకుని ఎంత దూరం పోవాలో మీరెప్పుడైనా చూశారా?

ఇంకొక మాట. పరిశోధన అంటే గిరిజనులకు భయం ఊరికే రాలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ఇచ్చి అధ్యయనం చేశారు. చాలా సమ్మతి పత్రాల్లో తల్లిదండ్రులు సంతకం చేయాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు చేశారు. 2010లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. పట్నం పిల్లలైతే వార్డెన్ సంతకంతో పని జరిగేదా?

పిల్లల వైద్యురాలు, వరంగల్:
మాస్టారు గారూ, మీ రెండో మాటతో నాకు పేచీ లేదు. మొదటి మాటతోనే ఉంది. ఆ పాపకు ఏ మందు, ఎంత మోతాదులో ఇవ్వాలో నాకెలా తెలిసిందనుకుంటున్నారు? ఎవరో, ఎక్కడో, ప్రభుత్వ సొమ్ముతో తేల్చబట్టే. అమెరికాలో 1972లో సికిల్ సెల్ కోసమే ఒక చట్టం చేసి నిధులిచ్చారు. పసిపిల్లలకు రోజూ పెన్సిలిన్ ఇస్తే న్యుమోకాకస్ అనే బాక్టీరియా ఇన్ఫెక్షన్లు 84 శాతం తగ్గుతాయని 1986లో తేలింది. ఫలితం అంత స్పష్టంగా ఉండటంతో అధ్యయనాన్ని గడువుకు ముందే ఆపారు. పెన్సిలిన్ పాత మందు, చవక మందు. దాని మీద కొత్తగా డబ్బు పోసి ఏ కంపెనీ లాభపడుతుంది?

సికిల్ సెల్ నొప్పులు తగ్గించే మందు హైడ్రాక్సీయూరియా కథ మనకు ఇంకా దగ్గరిది. పెద్దల్లో అది పనిచేస్తుందని 1995లోనే తెలుసు. కానీ మలేరియా ఉన్న చోట పిల్లలకు ఇస్తే ముప్పేమోనని ఆఫ్రికాలో ఏళ్ల తరబడి వెనకాడారు. అంగోలా, కాంగో, కెన్యా, ఉగాండాల్లో 600 మందికి పైగా పిల్లలపై చేసిన అధ్యయనం 2019లో అచ్చయ్యాక ఆ భయం పోయింది. నొప్పులు తగ్గాయి, మలేరియా కూడా తగ్గింది. దానికీ అమెరికా ప్రభుత్వ నిధులే.

మన ఏజెన్సీలోనూ మలేరియా ఉంది. కానీ మన పిల్లల్లో ఉన్న సికిల్ సెల్ జన్యురకం వేరు, దాన్ని అరబ్-ఇండియన్ రకం అంటారు. ఇందులో జబ్బు తీవ్రతను తగ్గించే పసితనపు హిమోగ్లోబిన్ ఎక్కువగా మిగిలి ఉంటుంది. అందుకే కొందరికి జబ్బు పెద్దగా బాధ పెట్టదు, మరికొందరిని మాత్రం మంచాన పడేస్తుంది. ఏ బిడ్డకు ఎలా ముదురుతుందో ముందే చెప్పగలిగితే మీ అర్ధరాత్రి ప్రయాణాలు తగ్గుతాయి. ఆ జవాబు ఉగాండాలో దొరకదు.

కరీంనగర్ పద్దుల మనిషి:
కంపెనీలను చేసుకోనివ్వండి. జన్యు చికిత్స వచ్చేసింది కదా, 2023లో బ్రిటన్, అమెరికా అనుమతులిచ్చాయి. ప్రభుత్వం డబ్బు పెడితే ఫైళ్లకే సరి.

హనుమకొండ వాసి:
వచ్చింది. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు, అంటే ఒక్క బిడ్డకు 18 కోట్ల రూపాయల పైమాట. పిల్లల విరేచనాలను అడ్డుకునే మన రోటావైరస్ టీకా చూడండి. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఒక నవజాత శిశువు నుంచి ఆ వైరస్ రకాన్ని వేరు చేశారు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం ఏళ్ల తరబడి వెన్నంటి ఉంది. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారు చేసింది, ప్రభుత్వాలకు డోసు ఒక డాలరుకే ఇస్తానంది. 2016 నుంచి సర్కారు టీకాల్లో చేరింది. కంపెనీ ఉంది, కాదనను. సర్కారు వేసిన దారిలో వచ్చింది.

డబ్బెక్కడిది అంటారేమో. పార్టీల మహాసభలకు ఇచ్చే ప్రభుత్వ సొమ్మును ఆపి, పదేళ్లలో 12.6 కోట్ల డాలర్లు పిల్లల జబ్బుల పరిశోధనకు కేటాయించేలా అమెరికాలో 2014లో చట్టం చేశారు. మన పార్టీల సభలకు ఖజానా నుంచి పైసా పోదు, కాగితం మీద. కనుక ఆ దారి మనకు లేదు!

ఉట్నూరు మాస్టారు:
డాక్టరమ్మ గారూ, మలేరియా సంగతి బాగుంది. ఒకటి చెప్పండి. పరిశోధన కేంద్రం వరంగల్‌లో ఉంటుంది, రక్తం నమూనా అక్కడికి వెళుతుంది, పాప ఇక్కడే ఉంటుంది. అధ్యయనం ముగిశాక కూడా ఆమెకు మందు ఆగదని ఎవరు రాసిస్తారు?

పిల్లల వైద్యురాలు, వరంగల్:
సమ్మతి విషయంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు ఉన్నాయి. తల్లిదండ్రుల సమ్మతి కావాలి, ఏడేళ్లు దాటిన పిల్లలను కూడా అడగాలి. మందుకు మాత్రం నిధులిచ్చేటప్పుడే వేరుగా పద్దు పెట్టించాలి. గ్రాంటు మూడేళ్లకో అయిదేళ్లకో ముగుస్తుంది, జబ్బు ముగియదు.

ఉట్నూరు మాస్టారు:
అయితే ఆ మాటే వినతిపత్రంలో రాయండి. పిల్లల డాక్టరు, రక్తం ఎక్కించే పడకలు ఉట్నూరులో, ఆసిఫాబాద్‌లో, ఏటూరునాగారంలో ఉండాలని రాయండి. సమ్మతి పత్రాన్ని గోండీలో, కోయలో చదివి వినిపించాలని రాయండి. అప్పుడు నేనూ సంతకం పెడతాను.

హనుమకొండ వాసి:
చేరుస్తున్నాం. గోండీ, కోయ తెలిసినవారిని మీరే చూపించాలి.

కరీంనగర్ పద్దుల మనిషి:
ఇన్ని చేరిస్తే అది పరిశోధన పద్దు కాదు, ఆసుపత్రి పద్దు. ఆర్థిక శాఖ ఏదీ ఇవ్వకుండా ఉండటానికి మీరే సాకు అందిస్తున్నారు. రెండు వినతిపత్రాలు రాయండి.