సమస్య: రక్తపాత మింట రాల్చెఁ బసిఁడి

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను: రక్తపాతము ఇంట పసిడి రాల్చింది అని. పొసగని ఈ మాటకు అర్థం కుదిరేలా మిగిలిన మూడు పాదాలూ మీరు రాయాలి, అదే పూరణ. కత్తుల సినిమాలు కోట్లు దులుపుతున్న రోజులు కనక ఇతివృత్తం అదే. మన బెంగళూరు వాసన తగిలితే మరీ మంచిది.

యలహంక నుంచి

తెరను వీరుఁ డొకఁడు తెగనఱుకుచు నుండ
ఈల వేసి జనము లెగిరి పడఁగ
నిండె టికెటు పెట్టె నిర్మాత నవ్వెను
రక్తపాత మింట రాల్చెఁ బసిఁడి

నిర్వాహకుడు: ధార బాగుంది. ‘నుండ’ తర్వాత ద్రుతం, అంటే నకారం, వస్తుంది కాబట్టి రెండో పాదం ‘నీల వేసి’ అని మొదలుపెట్టండి. యతికి ఢోకా లేదు. భావంలో మాత్రం కొత్తదనం లేదండీ. సమస్య వినగానే ఎవరికైనా తట్టే పూరణ ఇది.

మల్లేశ్వరం నుంచి

గనులు మూతపడిన కర్ణాట సీమలో
కథలఁ దవ్వి రపుడు కత్తిఁ బట్టి
వెలికి రాని సిరుల వెండితెర యొసఁగె
రక్తపాత మింట రాల్చెఁ బసిఁడి

కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. ఇక్కణ్ణుంచి వంద కిలోమీటర్లు. అదే నేల మీది కథతో 2018లో ఒక భాగం, 2022లో రెండో భాగం వచ్చి కేజీఎఫ్ సినిమా పేరు దేశమంతా మోగింది కదా, అది మనసులో పెట్టుకుని రాశాను.

నిర్వాహకుడు: భలే! వెండితెర పసిడి రాల్చడం, గడ్డపార పట్టాల్సిన చోట కత్తి పట్టడం, రెండూ పండాయి. కానీ ఎవరింట? సీమ ఉంది, ఇల్లు లేదు. సమస్యలోని ఒక మాట ఊరికే నిలబడిపోతే పూరణ ముప్పాతికే.

మారతహళ్ళి నుంచి

దెబ్బ తినుట పనిగఁ దెరమీఁదఁ బడి లేచి
రంగు నీటఁ దడిసి రక్త మనఁగఁ
గూఁతు పెండ్లి కొఱకుఁ గూడఁబెట్టె నొకఁడు
రక్తపాత మింట రాల్చెఁ బసిఁడి

యలహంక: ఫైటర్‌కు వసూళ్ళలో వాటా ఎక్కడిదండీ? రోజు లెక్కన కూలే కదా.

మారతహళ్ళి: రాలడానికి కోట్లే కావాలా అండీ? పిల్ల మెడలోకి ఒక గొలుసు చాలదూ?

నిర్వాహకుడు: ఇల్లు దొరికింది! హీరో, నిర్మాత ఇద్దరినీ వదిలేసి, హీరో చేతిలో తన్నులు తినేవాడి గడపలోకి వెళ్ళారు. రక్తం రంగునీరని రెండో పాదంలోనే తేల్చేశారు కనక సమస్యలోని విరోధం కూడా చక్కగా విడిపోయింది. ‘ఒకఁడు’ మూడో పాదం చివరిదాకా రాకపోవడం కాస్త ఇబ్బందే, అయినా ఈ వారం నా ఓటు దీనికే.

కె.ఆర్.పురం నుంచి

వేయి కోట్లు దాటె వీరుని చిత్రము
పోస్ట రందుఁ జూడఁ బొంగె మనసు
కొన్నవాఁడు మిగిలెఁ గోట్ల లెక్కలతోడ
రక్తపాత మింట రాల్చెఁ బసిఁడి?

మల్లేశ్వరం: ప్రశ్న గుర్తు పెట్టి తప్పించుకుంటే ఎలా మాస్టారూ! అలాగైతే ఏ సమస్యనైనా పూరించెయ్యొచ్చు.

కె.ఆర్.పురం: పోస్టరు మీద వేసేది గ్రాసు, అంటే టికెట్ల మొత్తం వసూలు. 236 రూపాయల టికెట్టులో 36 జీఎస్టీకే పోతుంది. మిగిలిన రెండొందల్లో థియేటరు వాటా తీసేశాక వచ్చేదే షేరు. కర్ణాటకలో సినిమా ఆడించే హక్కులు కొన్నవాడు తన పెట్టుబడిని ఆ షేరులోంచే రాబట్టుకోవాలి. 2017లో బాహుబలి రెండో భాగం వెయ్యి కోట్ల గ్రాసు దాటాక ఆ అంకె అందరి నోళ్ళలోనూ నానుతోంది. వెయ్యి కోట్లూ ఎవరో ఒకరి బీరువాలో ఉన్నట్టే మాట్లాడతారు. అందుకే అడిగాను, ఎవరింట రాలిందని.

నిర్వాహకుడు: కాకువు మీద, అంటే ప్రశ్నలా పలికి అర్థం తిప్పెయ్యడం మీద, నాకూ పెద్ద ఇష్టం లేదు. ఇక్కడ మాత్రం మూడో పాదం ముందే దారి వేసింది కాబట్టి ప్రశ్న అతికించినట్టు లేదు. ఉంచుదాం.

మల్లేశ్వరం: సరే, మరి రెండో పాదంలో పొంగిన మనసు ఎవరిది? కొన్నవాడిదా?

కె.ఆర్.పురం: అభిమానిదండీ. కొన్నవాడు పోస్టరెందుకు చూస్తాడు? సోమవారం మ్యాట్నీకి ఎన్ని సీట్లు నిండాయో చూస్తాడు.